తోకలో తోడుచెక్కలు

ఫిబ్రవరి పదహారు, ఆదివారం. ఉదయం ఎనిమిదిన్నర. స్థలం: కొత్తపేట శివారులో మా పాత కొబ్బరి కొట్టు. హాజరైనవారు: నేను, నా భార్య, మా తోడల్లుడు, పడవల మేస్త్రీ. కాటాలు మూడు. విమానం ఒకటి. మబ్బు లేదు, గాలి లేదు.

డైరీలో ఆనాటి పేజీ ఇలాగే మొదలవుతుంది. ఉద్యోగమంతా ప్రభుత్వ స్టోర్సులో గడిచింది. లోపలికి వచ్చిన ప్రతి మేకునీ, బయటికి వెళ్లిన ప్రతి మేకునీ రాయడం నా పని. రిటైరయ్యాక రాయడానికి ఏమీ లేక వాన, ఎండ, కాఫీ పొడి రాసుకుంటూ ఉండగా మా తోడల్లుడు ఒక పెద్ద కాగితాల చుట్ట చంకన పెట్టుకుని వచ్చాడు.

ఆయన మా ఆవిడ చెల్లెలి భర్త. సైన్యంలో విమానాల మరమ్మతు చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత నడపడం కూడా నేర్చుకుని లైసెన్సు సంపాదించాడు. ఆ చుట్టలో ఉన్నవి ఒక చిన్న విమానం నక్షాలు. ఇద్దరు పక్కపక్కన కూర్చునేది, చెక్కతో, బట్టతో ఎవరికి వారే ఇంట్లో కట్టుకునేది. అమలాపురంలో ఆయనుండేది రెండో అంతస్తు. అక్కడ రెక్క కాదు కదా, చక్రం కూడా పట్టదు. మా కొబ్బరి కొట్టు ఖాళీగా పడి ఉంది. అలా మొదలైంది.

"అన్నయ్యగారూ, ఇందులో కష్టమైనది కట్టడం కాదండి, బరువు. ఒక్కో గ్రాము దొంగలా దూరుతుంది. కాపలాకి మీకంటే గట్టివాళ్లు నాకు దొరకరు" అన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో డైరీలో రాయలేదు గానీ, ఆ సాయంత్రమే బజారుకి వెళ్లి నాలుగు వందల పేజీల పుస్తకం, ఎర్ర సిరా కలం కొనుక్కొచ్చాను.

నక్షా గీసినాయన ఒక గీత గీశాడు. సరంజామా అంతా బిగించి, మనుషులూ పెట్రోలూ లేకుండా తూచినప్పుడు రెండు వందల యాభై కిలోలు దాటితే రెండో సీటు తీసెయ్యాలి. మేం ఎగరడానికి చూసుకున్న బీడు పొడవు అంతంతమాత్రం. దాని చివర కొబ్బరిచెట్లు. బరువెక్కువైతే ఆ మొవ్వుల మీదుగా దాటడం కష్టం. అందుకని ఆ గీత మాకు దేవుడి మాట.

రెండో సీటు మా ఆవిడది. ఆవిడ పుట్టింది గోదావరి లంకలో. ఆ లంక ఏటేటా వరదకి కోసుకుపోయి, ఊరు లేచి గట్టు మీదికి వచ్చేసింది. మిగిలిన ముక్క రెండు పాయల మధ్య ఎక్కడో ఉందంటారు. ఏ ఒడ్డున నిలబడినా రెల్లుగడ్డి తప్ప మరేమీ కనపడదు. నక్షాలు చాపమీద పరిచిన రోజున ఆవిడ కాఫీ గ్లాసులు పెట్టి, కళ్లజోడు సవరించుకుని చూసింది.

"రెక్కలకి బట్ట ఎవరు కుడతారు మరిదిగారూ?"

"మిషను పని తెలిసినవాళ్లని చూడాలండి వదినగారూ."

"చూడక్కర్లేదు. నేను కుడతాను. రెండో సీటు నాది. మా లంక ఏపాటి మిగిలిందో పైనుంచి చూసి వస్తాను" అంది. నావైపు తిరిగి, "మీకు కళ్లు తిరుగుతాయి కదా" అని చేర్చింది. అది నిజమే. యానాం వంతెన మీద బస్సులో కిటికీ పక్కన కూడా కూర్చోలేను.

చెక్కపని కోసం కాట్రేనికోన వైపు నుంచి పడవల మేస్త్రీని పిలిపించాం. అరవై దాటిన మనిషి. ఆయన కట్టిన పడవలు ఇంకా సముద్రం మీదికి వెళ్లి వస్తున్నాయి. ఫైబరు పడవలొచ్చాక పని పల్చబడింది. వచ్చిన రోజు మా తోడల్లుడు తెప్పించిన విదేశీ తెల్లచెక్కని చేత్తో ఎత్తి చూసి, "ఇది అగ్గిపుల్లలకి పనికొచ్చేదండి బాబుగారూ. మనకి టేకు లేదా ఏటండి?" అన్నాడు.

మాటలతో తేలేది కాదని, టేకు నుంచి ఒక బద్ద, ఆ చెక్క నుంచి ఒక బద్ద ఒకే బరువుకి తీయించాం. టేకుది సన్నగా వచ్చింది, తెల్లచెక్కది లావుగా వచ్చింది. రెండింటినీ రెండేసి ఇటుకల మీద పెట్టి, నడుమ బకెట్టు కట్టి ఇసుక పోశాం. టేకు బద్ద ముందు విరిగింది. మేస్త్రీ ఆ విరిగిన ముక్కని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "ఇసకే చెప్తంటే నేనేటంటానండి" అని ఆ రోజు నుంచి తెల్లచెక్కని మర్యాదగా ముట్టుకునేవాడు. కానీ పల్చటి ప్లైవుడ్డు వచ్చినప్పుడు మాత్రం ఊరుకోలేకపోయాడు.

"ఇది చెక్కాండి, పెళ్లి కార్డాండి?"

బరువు తగ్గించడమంటే ఏమిటో నాకు ఆ రెండేళ్లలో తెలిసింది. పెద్ద సంగతి ఒక్కటీ ఉండదు. బోల్టు నట్టు దాటి రెండు మరలకి మించి బయటికి ఉంటే కోసేసేవాళ్లం. అతుకు దగ్గర పొంగిన జిగురు ఎండకముందే గీకేసేవాళ్లం. మా తోడల్లుడు పక్కన ఎర్ర చార పెయింటు వేద్దామని ముచ్చటపడ్డాడు. నిండు డబ్బానీ, ఖాళీ డబ్బానీ తూచి తేడా చూపించాను. చార మానేశాడు. సీటు దిండుకి మా ఆవిడ కొబ్బరి పీచు పెడతానంది. బజారు స్పాంజి తేలిక. ఆవిడ ఒకరోజు బూరుగు దూది తెచ్చి కుట్టి, కాటా మీద పెట్టింది. స్పాంజి ఓడిపోయింది.

గోడ మీద నేనొక కాగితం అంటించాను: "పుస్తకంలో లేనిది విమానంలో ఉండకూడదు." ఎర్ర సిరాతో. ఒకసారి మేస్త్రీ ఒక అతుకు మూలన చెంచాడు జిగురు అదనంగా మెత్తాడు. ఇరవై గ్రాములు. అందరిముందూ కాగితం చూపించి, ఎండిన జిగురు ఉలితో చెక్కించాను. ఆయన "ఆయ్" అని తలవంచుకుని చెక్కాడు. నేనా పూట సంతృప్తిగా రాసుకున్నాను: "ఇరవై గ్రాములు ఆదా."

మళ్లీ ఆ ఫిబ్రవరి ఆదివారానికి వస్తాను. మర్నాడు తూకం కాగితం పంపాలి. అందులో ఒక గడి ఉంది: సీట్లు, ఒకటా, రెండా? అనుమతులిచ్చేవాళ్లు ఆ గడి చూసే మిగతా కాగితాలు కదుపుతారు. నా పుస్తకం ప్రకారం మొత్తం రెండు వందల నలభై ఆరు కిలోల మూడు వందల గ్రాములు. గీతకి మూడున్నర కిలోల పైన తేడా ఉంది. నాకు దిగులు లేదు. మా ఆవిడైతే ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది.

కాటాలు రెండు కొబ్బరి కొనుగోలుదారువి, ఒకటి రొయ్యలవాళ్లది. మూడు చక్రాలూ మూడింటి మీదికి ఎక్కించి, తోక కింది కాటాని బల్ల మీదికి లేపి, విమానాన్ని ఎగిరేటప్పటిలా సమంగా నిలబెట్టాం. ఎడమ నూట పద్దెనిమిది కిలోల ఆరు వందల గ్రాములు. కుడి నూట పంతొమ్మిది రెండు వందలు. తోక పదిహేను ఆరు వందలు. అంకెలు కలిపాను. మళ్లీ కలిపాను.

రెండు వందల యాభై మూడు కిలోల నాలుగు వందల గ్రాములు.

"రొయ్యల కాటా ఏది?" అన్నాను.

"తోక కిందదండి. రొయ్యలు కొనేవాళ్ల కాటా ఎక్కువ చూపించడం ఇదే చూడ్డం" అన్నాడు మా తోడల్లుడు. ఎవరూ నవ్వలేదు. కాటాలు మార్చి తూచాం. అంతే వచ్చింది. మా ఆవిడ నా భుజం మీదుగా అంకె చూసి, వెళ్లి స్టూలు మీద కూర్చుంది.

"చెక్క తడి పీల్చిందేమోనండి పెద్దయ్యగారూ. కొబ్బరికి తరుగు తీస్తారు కదండి, అలాగ" అన్నాడు మేస్త్రీ, చక్రం వైపు చూస్తూ.

"మాఘమాసంలో తడేమిటండీ మేస్త్రిగారూ! నా పెదాలు పగిలిపోతుంటేనూ" అంది మా ఆవిడ.

స్టోర్సులో సరుకు తేడా వస్తే చేసేది ఒక్కటే. పుస్తకం చదవడం, వస్తువు ముట్టుకోవడం. నేను మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. నేను పేరు చదివితే ఎవరో ఒకరు దానిమీద చెయ్యి వేసి "ఉంది" అనాలి. ముక్కు నుంచి రెక్కలకి, రెక్కల నుంచి సీట్లకి, సీట్ల నుంచి తోకకి వచ్చేసరికి పదకొండున్నర అయింది. తోక పేజీ పూర్తిచేసి తిప్పబోతుంటే మా ఆవిడ అడ్డుపడింది.

"లోపల చెక్కముక్కలు చదవలేదేం?"

"ఏ ముక్కలు?"

"అతుకు అతుకుకీ ఉన్నాయిగా. బట్ట లాగి కుడుతుంటే సూది తగిలేది. డజను దాకా ఉంటాయి. మీ పుస్తకంలో ఉన్నాయనుకున్నాను."

మేస్త్రీ తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఆయ్, ఏసేనండి. తోడుచెక్కలండి అయ్యి."

పడవలో రెండు పలకలు కలిసే చోట లోపలివైపు ఒక ముక్క ఆనించి బిగిస్తారట. కెరటం కొట్టినప్పుడు అతుకు ఒంటరిగా ఉండకూడదట. తండ్రి దగ్గర పని నేర్చుకున్న రోజు నుంచి ఆయన తోడుచెక్క లేకుండా ఒక్క అతుకు కూడా వదల్లేదు.

"మరి నాకు చెప్పలేదేం మేస్త్రిగారూ?"

ఆయన గోడమీద కాగితం వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా, "పన్నెండూ కలిపి కిలోన్నర ఉంటాయండి. ఏడు కిలోలు నావల్ల కాదండి" అన్నాడు.

అప్పుడు మా తోడల్లుడు ఒక పని చేశాడు. పెన్సిలు తీసి, తోక నుంచి రెక్క దాకా అడుగులేసి కొలిచి, గోడమీదే ఏదో లెక్క కట్టాడు. కట్టి, గట్టిగా నవ్వేశాడు.

"అయితే నా లెక్క తప్పు కాదన్నమాట!"

"ఏ లెక్కండీ?" అంది మా ఆవిడ.

ఆయన వెళ్లి ముక్కు మీది రేకు మూత విప్పాడు. బ్యాటరీ వెనకాల, అదే బూడిదరంగు పెయింటు వేసి, వరసగా బిగించిన సీసం గుండ్లు.

"దీపావళి ముందు సమతూకం చూసేను అన్నయ్యగారూ. తోక బరువెక్కువ చూపించింది. ఇంజిను బిగించడంలో నేనే కొలత తప్పేననుకున్నాను. ఇన్నేళ్లు అదే పని చేసినవాణ్ని, ఏ మొహంతో చెప్పను? ముక్కులో సీసం పెట్టి సరిచేసేను. ఐదు కిలోల రెండు వందలు. మీరు ప్రతిదీ కాస్త ఎక్కువకే సవరించి రాస్తారు కదా, అందులో సర్దుకుపోతుందనుకున్నాను."

మేస్త్రీ వంగి చూశాడు. "అయ్యి నా వల గుండ్లేనండి! దేనికో కావాలంటే నేనే తెచ్చిచ్చేను!"

విమానం సమంగా ఆగే చోటికి తోక దూరం. ముక్కు దగ్గర. తోకలో ఒక కిలో పెడితే ముక్కులో మూడున్నర కిలోలు పెట్టాలి. మేస్త్రీ కిలోన్నరకి మా తోడల్లుడు ఐదు కిలోలు తోడిచ్చాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నా పుస్తకానికి రెండూ తెలియవు.

నాకు కోపం వచ్చిన మాట నిజం. నోరు తెరవబోతుంటే మా ఆవిడ అంది: "అరవకండి. ఒకరు కాగితానికి జడిసేరు, ఒకరు పరువుకి జడిసేరు. మీరు చెంచాడు జిగురుకి ఆయన చేత అంత చెక్కించకపోతే ఆయనే వచ్చి చెప్పేవారు."

నేను పుస్తకం మూశాను.

దారి తేలికే అనిపించింది. తోడుచెక్కలు తీసేస్తే సీసం కూడా తీసేయొచ్చు. మా తోడల్లుడు అదే చెప్పాడు. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు.

"నేను తియ్యనండి."

"నక్షాలో లేవు మేస్త్రిగారూ. అవి లేకుండానే ఆగుతుందని లెక్కుంది."

"మీ లెక్క మీకుందండి బాబుగారూ. మీరొక్కరే ఎక్కేదయితే నేనసలు ఏసేవోణ్ణి కాదండి. అమ్మగారు కూచుంటారని ఏసేను. అందులో ఆవిడ కూచునుండగా తోక అతుకు ఒంటరిగా ఉందంటే నాకు అన్నం దిగదండి."

మా ఆవిడ లేచి నిలబడింది. "అవి ఉంటే నేను ఎక్కడానికి లేదు కదండీ."

"ఎక్కకండమ్మగారూ. మీ లంక దాకా నేను పడవ మీద తీసుకెళ్తాను."

"పడవ మీంచి రెల్లుగడ్డే కనపడుతుంది. పుట్టినప్పట్నుంచీ అదే చూస్తున్నాను."

ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుకున్నారు. కానీ ఎవరూ ఒక మెట్టు దిగలేదు. ఆవిడ కోసం వేసిన బరువే ఆవిడని సీటులోంచి దించుతోందని అక్కడున్న నలుగురికీ తెలుసు. మధ్యాహ్నం భోజనాల దగ్గర పప్పుచారు వడ్డిస్తూ ఆవిడే మళ్లీ మొదలుపెట్టింది. "మేస్త్రిగారూ, గోడకి తగిలించిన అతుకు ఉందిగా, మొదట్లో నమూనాకి చేసింది. దానికి తోడుచెక్క ఉందా?"

"లేదండి."

"దానికి ఉయ్యాల కట్టి నన్ను కూచోబెట్టండి. తెగితే నా సీటు వద్దు."

మా తోడల్లుడికి పొలమారింది. మేస్త్రీ కూడా నవ్వి, పప్పుచారు కలుపుకున్నాడు. పనిరోజుల్లో ఆయన పడక కొట్టు వసారాలోనే. సాయంత్రం మేం ఇంటికి వస్తుంటే నేను వెనక్కి వెళ్లి, "మీరు ఎలా అంటే అలాగే చేద్దాం. మీరు వద్దంటే గడిలో ఒకటి అనే రాస్తాను" అన్నాను. ఆయన "ఆయ్" అన్నాడు. అది దేనికి ఒప్పుకోవడమో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఇస్త్రీ చీర మడతపెట్టి బీరువాలో పెట్టింది. "ఆయన్ని బలవంతం చెయ్యకండి" అని మాత్రం అంది. డైరీలో ఆ రోజుకి కింద ఖాళీ వదిలాను.

మర్నాడు ఉదయం ఆరున్నరకి మేం వెళ్లేసరికి కొట్టు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. దూలానికి ఆ నమూనా అతుకు వేలాడుతోంది. దానికి కొబ్బరి గోతాం ఒకటి, దాని కింద మరొకటి, దాని కింద ఇసుక బకెట్టు. అతుకు చెక్కుచెదరలేదు. మేస్త్రీ తోక పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బట్ట కింది వైపు కుట్టు వెంబడి నీటుగా విప్పి ఉంది. నేలమీద తువ్వాలు పరిచి, దానిమీద వరసగా తోడుచెక్కలు. అప్పటికి తొమ్మిది తీశాడు.

"ఎంత ఇసక పోసేరండీ?" అంది మా ఆవిడ.

"అమ్మగారు ముగ్గురు కూచున్నంతండి. తెల్లారగట్ట నుంచీ పోస్తన్నాను. అది తెగలేదండి. ఇంక నేనెందుకు పట్టుబట్టాలండి?"

ఆ తర్వాత ఎవరి పని వాళ్లం చేశాం. మేస్త్రీ మిగిలిన మూడు తీశాడు. మా తోడల్లుడు సీసం విప్పి, గుండ్లు ఆయనకి తిరిగి ఇచ్చేశాడు. మా ఆవిడ విప్పిన చోట బట్ట అతుకు వెయ్యడానికి కొలత కాగితం కావాలంది. చుట్టూ చూసి, గోడ మీది నా ఎర్రసిరా కాగితం పీకి, కత్తిరించి, తోక కింద ఆనించి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది. కత్తిరించగా రాలిన ముక్కలు నేనే ఏరాను.

పదిన్నరకి మళ్లీ తూచాం. రెండు వందల నలభై ఆరు కిలోల ఏడు వందల గ్రాములు. పుస్తకానికీ కాటాకీ ఇంకా నాలుగు వందల గ్రాములు తేడా. అది ఎక్కడుందో నేను అడగలేదు.

గడిలో "రెండు" అని రాశాను. అప్పుడు మేస్త్రీ తువ్వాల్లోంచి ఒక తోడుచెక్క తీసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దయ్యగారండి, ఒక్కటి ఉంచనివ్వండి. తోకలో కాదండి. అమ్మగారి సీటు కింద."

మా తోడల్లుడి వైపు చూశాను. "సీటు సమతూకం మీదే ఉందండి. సీసం అక్కర్లేదు" అన్నాడు.

కాటా మీద పెట్టాను. నూట ఇరవై గ్రాములు. కలం మేస్త్రీ చేతికిచ్చి, పేజీ చూపించాను. ఆయన చేతులు పంచెకి తుడుచుకుని, కూర్చుని, ఒక్కో అక్షరం దిద్దినట్టుగా రాశాడు: "సీటు కింద తోడుచెక్క ఒకటి. అమ్మగారిది."

ఈలోగా మా ఆవిడ చెప్పులు కింద విడిచి, చీర కుచ్చిళ్లు పట్టుకుని, లోపలికెక్కి తన బూరుగు దిండు మీద కూర్చుంది. కొట్టు తలుపులోంచి ఎదురుగా కొబ్బరితోట తప్ప ఏమీ కనపడదు. అయినా చాలాసేపు అటే చూస్తూ కూర్చుంది.